ఐదు ర్యాకుల సర్వర్ గదికి జనరేటర్: నల్లగొండ ఎండలో పదో గంటకూ ఆగకుండా నడవాలంటే

మీరు అడిగింది ఇదీ: నల్లగొండ పట్టణంలో ఐదు ర్యాకులతో చిన్న డేటా సెంటర్ పెడుతున్నారు. ర్యాకులన్నీ నిండితే ఐటీ లోడు 20 కిలోవాట్లు, మొదటి ఏడాది అందులో సగం. ఒక డీలరు 125 కేవీఏ తీసుకోమంటున్నాడు. ఇంకొకాయన హైదరాబాద్‌లో ఎవరో ఆఫీసు ఖాళీ చేస్తే వచ్చిన పాత 100 కేవీఏ సగం ధరకు ఇప్పిస్తానంటున్నాడు. ఏది తీసుకోవాలి, తీసుకున్నాక ఎలా చూసుకోవాలి?

రెండూ వద్దు. కొత్త 62.5 కేవీఏ తీసుకోండి. డబ్బు సర్దుబాటైతే అలాంటివే రెండు తీసుకోండి. నేను ఈ జిల్లాల్లో ఆస్పత్రులకు, బ్యాంకులకు, కేబుల్ ఇంటర్నెట్ వాళ్ళకు జనరేటర్లు, యూపీఎస్‌లు పెట్టించి నడిపిస్తుంటాను. నేను చూసినంతలో కేవీఏ చాలక సర్వర్లు పడిపోయిన చోట్లు అరుదు. కరెంటు పోయిన మొదటి పది సెకన్లలో డీజీ (డీజిల్ జనరేటర్) స్టార్ట్ కాకపోవడం, లేదంటే స్టార్టయిన ఇంజను పదో గంట దాకా నిలబడలేకపోవడం, ఈ రెంటిలో ఒకటే ఎక్కువగా జరుగుతుంది. మీరు పెట్టే ప్రతి రూపాయీ ఈ రెండింటి కోసం పెట్టండి.

పదో గంట అని ఎందుకంటున్నానో చెప్తాను. మన పక్కనే నాగార్జునసాగర్, శ్రీశైలం ఉన్నాయి, దామరచర్లలో 4,000 మెగావాట్లకు కట్టిన యాదాద్రి థర్మల్ ఉంది. కరెంటు తయారీకి మన జిల్లాలో లోటు లేదు. మీ గదిలో లైటు ఆరేది మీ వీధి 11 కేవీ లైను మీద. జంపర్ (స్తంభం దగ్గర తీగలను కలిపే ముక్క) తెగితే పావుగంట, అరగంట. లైన్‌మన్ ఎల్‌సీ (లైను ఆపి పని చేసే అనుమతి) తీసుకుని కొమ్మలు కొట్టిస్తే రెండు మూడు గంటలు. ఏప్రిల్, మే నెలల్లో సాయంత్రం ఈదురుగాలి లేచి స్తంభాలు పడ్డాయంటే మాత్రం మర్నాడు పొద్దుటి దాకా ఆశ పెట్టుకోకూడదు. ఆ రోజు మధ్యాహ్నమంతా 44, 45 డిగ్రీల ఎండ కాసి ఉంటుంది, ఏసీలన్నీ పూర్తి లోడు మీద ఉంటాయి. కరెంటు ఎక్కువసేపు లేకపోవడమూ, మిషన్‌కు వేడి ఎక్కువ తగలడమూ మన దగ్గర ఒకే రోజున పడతాయి. అందుకే హైదరాబాద్‌లో కూర్చుని వేసిన లెక్క ఇక్కడ యథాతథంగా పనికిరాదు.

ఇప్పుడు మీ లోడు లెక్క చూద్దాం. ఐటీ 20 కిలోవాట్లు. ఆన్‌లైన్ యూపీఎస్ నష్టాలు కలిపితే 21కి పైన. కరెంటు పోయి డీజీ వచ్చాక యూపీఎస్ బ్యాటరీలు మళ్ళీ ఛార్జ్ అవుతాయి, దానికి ఇంకో 2, 3 కిలోవాట్లు. ర్యాకుల్లోంచి వచ్చే 20 కిలోవాట్ల వేడిని తీయడానికే ఆరు టన్నుల దాకా ఏసీ కావాలి. ఎండకు కాగే గోడలు, పైకప్పు, లోపల పనిచేసే మనుషులు కలిపితే ఎనిమిది టన్నులు. మే నెల ఎండలో టన్నుకు 1.3 కిలోవాట్లు పట్టుకున్నా 10కి పైన. లైట్లు, కెమెరాలు, పక్క గది ఫ్యాన్లు, ఇంకో 3. మొత్తం 38 కిలోవాట్ల దగ్గర తేలుతుంది. పవర్ ఫ్యాక్టర్ (కేవీఏలో కిలోవాట్లుగా దక్కే వంతు) 0.8తో భాగిస్తే 47.5 కేవీఏ. 62.5 కేవీఏ సెట్టు ఇచ్చేది 50 కిలోవాట్లు కాబట్టి అన్నీ నిండిన రోజున కూడా 76 శాతం లోడు మీద నడుస్తుంది. డీజిల్ ఇంజను హాయిగా నడిచే చోటు అదే.

125 కేవీఏ అంటే 100 కిలోవాట్లు. మొదటి ఏడాది మీ లోడు అంతా కలిపినా 20 కిలోవాట్లకు అటూ ఇటుగానే ఉంటుంది. రాత్రిపూట ఇంకా తగ్గుతుంది. అంటే ఆ ఇంజను 20 శాతం మీద తిరుగుతుంది. 30 శాతం కంటే తక్కువ లోడు మీద డీజిల్ ఇంజను గంటల తరబడి నడిస్తే లోపల వేడి చాలక డీజిల్ పూర్తిగా కాలదు. మిగిలింది సైలెన్సర్ జాయింట్ల దగ్గర నల్లటి జిడ్డుగా కారుతుంది, ఇంజెక్టర్ల మీద, పిస్టన్ రింగుల మీద పేరుకుంటుంది. మన మెకానిక్కులు దీన్ని "మిషన్ ఆయిల్ కక్కుతోంది" అంటారు. రెండేళ్ళు అలా తిప్పాక ఒకరోజు నిజంగా లోడు పడితే నల్ల పొగ వదులుతుంది తప్ప లాగలేదు. పెద్దది కొంటే నిశ్చింత అనుకునేవాళ్ళకు గట్టిగా చెప్పేది ఇదే: జనరేటర్ విషయంలో అవసరానికి మించిన సైజు కూడా ఒక లోపమే.

కొటేషన్‌లో 62.5 అని రాసిస్తే సరిపోదు. అది ప్రైమ్ రేటింగా, స్టాండ్‌బై రేటింగా అడగండి. ఐఎస్‌ఓ 8528 ప్రకారం ఎమర్జెన్సీ స్టాండ్‌బై అంటే ఏడాదికి 200 గంటలకు మించి నడపకూడనిది, ఓవర్‌లోడు ఒప్పుకోనిది. ప్రైమ్ అంటే మారే లోడు మీద ఎన్ని గంటలైనా నడపొచ్చు, పన్నెండు గంటల్లో ఒక గంట పది శాతం ఎక్కువా మోస్తుంది. మన ఊళ్ళకు ప్రైమే కావాలి. ఇంకొకటి, రేడియేటర్ ఎంత వేడి గాలి దాకా ఇంజనును చల్లబరచగలదో రాతపూర్వకంగా తీసుకోండి. కానోపీ (జనరేటర్‌ను కప్పి శబ్దం ఆపే పెట్టె) లోపలి గాలి బయటి కంటే అయిదారు డిగ్రీలు ఎక్కువ ఉంటుంది. 45 డిగ్రీల ఊళ్ళో 50 దాటినా తట్టుకునేదై ఉండాలి. ఎత్తు ప్రభావం గురించి డీలరు చెప్పేది పట్టించుకోనక్కర్లేదు, మన జిల్లాల ఎత్తుకు ఇంజను బలం తగ్గేది ఏమంత ఉండదు.

ఇంజను తిప్పితే కరెంటు పుట్టించే ఆల్టర్నేటర్ దగ్గర బేరం వద్దు. యూపీఎస్, సర్వర్ల పవర్ సప్లైలు, ఇన్వర్టర్ ఏసీలు కలిసి కరెంటు తరంగాన్ని చెడగొడతాయి. ఆ వంకర తరంగాన్ని చూసి మామూలు సెల్ఫ్ ఎక్సైటెడ్ ఆల్టర్నేటర్‌లోని ఏవీఆర్ (వోల్టేజిని సరిచేసే పరికరం, తన పవర్ కూడా అక్కడి నుంచే తీసుకుంటుంది) తికమకపడుతుంది. పీఎంజీ (శాశ్వత అయస్కాంతంతో నడిచే చిన్న జనరేటర్) ఉన్న ఆల్టర్నేటర్‌లో ఏవీఆర్‌కు పవర్ వేరుగా అందుతుంది కాబట్టి వోల్టేజి నిలకడగా ఉంటుంది. యూపీఎస్ ఐజీబీటీ రెక్టిఫయర్‌ది (తరంగాన్ని పెద్దగా చెడగొట్టని కొత్త రకం) అయితే నేనిచ్చిన లెక్క సరిపోతుంది. ఎక్కడో పాత ఆరు పల్సుల థైరిస్టర్ యూపీఎస్ దొరికిందని అది పెట్టుకుంటే, దాని కోసం జనరేటర్ దాదాపు రెట్టింపు కావాలి. యూపీఎస్ మీద ఆదా చేసింది అక్కడ పోతుంది.

యూపీఎస్‌కూ జనరేటర్‌కూ పొత్తు కుదరకపోతే ఏమవుతుందో తెలియాలి. ఒక ఆస్పత్రి సర్వర్ గదిలో కరెంటు పోయిన ప్రతిసారీ డీజీ బ్రహ్మాండంగా స్టార్ట్ అయ్యేది, లైట్లు వెలిగేవి, ఏసీలు తిరిగేవి. కానీ ఇరవై నిమిషాలకు సర్వర్లు ఆగిపోయేవి. చూస్తే యూపీఎస్ డీజీ కరెంటును అసలు తీసుకోవడమే లేదు. ఏసీ కంప్రెసర్ ఎక్కినప్పుడల్లా ఫ్రీక్వెన్సీ కిందికి మీదికి ఊగుతోంది, యూపీఎస్ అది సరైన కరెంటు కాదని తేల్చి బ్యాటరీ మీదే ఉండిపోతోంది. బ్యాటరీ అయ్యాక అంతే. గవర్నర్ (ఇంజను వేగాన్ని నిలకడగా ఉంచేది) సరిచేసి, ఏసీలను ఒకదాని తర్వాత ఒకటి అరనిమిషం ఎడంతో ఎక్కేలా టైమర్లు పెట్టించి, యూపీఎస్‌లో ఫ్రీక్వెన్సీ మారే వేగం సెట్టింగు వదులు చేశాక బాగుపడింది. మీరు కొనేటప్పుడే ఇద్దరు సప్లయర్లనూ ఒకే రోజు రమ్మనండి. లేకపోతే తర్వాత ఒకరి మీద ఒకరు నెపం వేసుకుంటారు.

యూపీఎస్ బ్యాటరీ ఎంతసేపు ఉండాలి? పది, పదిహేను నిమిషాలు. డీజీకి అంత అక్కర్లేదు, కానీ ఒక్కసారికి సెల్ఫ్ తిరగకపోతే మనిషి పరుగెత్తుకొచ్చి చూసుకునే టైమ్ అది. గంట బ్యాకప్ పెట్టి లాభం లేదు. ఏసీ ఆగిన చిన్న గదిలో 20 కిలోవాట్ల వేడి నిమిషాల్లో 40 డిగ్రీలు దాటిస్తుంది, బ్యాటరీ ఉన్నా సర్వర్లు వాటంతటవే ఆగిపోతాయి. యూపీఎస్ బ్యాటరీలను కూడా చల్లటి చోట పెట్టండి. పది డిగ్రీల వేడి పెరిగితే వాటి ఆయుష్షు సగానికి పడిపోతుంది.

సెకండ్ హ్యాండ్ 100 కేవీఏ సంగతి. 2023 జూలై 1 నుంచి కొత్త జనరేటర్లకు సీపీసీబీ (కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి) 4 ప్లస్ పొగ నిబంధనలు వచ్చాయి. మీకు చూపిస్తున్నది బహుశా అంతకుముందుదే అయి ఉంటుంది. అది పాపమేం కాదు, పాత మెకానికల్ పంపు ఇంజన్లు మన మెకానిక్కులకు కొట్టిన పిండి. కానీ అది ఎన్ని గంటలు ఏ లోడు మీద నడిచిందో చెప్పేవాళ్ళు లేరు. అవర్ మీటర్ మార్చడం పెద్ద పనేం కాదు. పైగా మీకు అది అవసరానికి పెద్దది. దుకాణానికో ఫంక్షన్ హాలుకో పనికొస్తుంది, డేటా సెంటర్‌కు వద్దు.

కొత్త ఇంజన్లలో జాగ్రత్తలు వేరు. ఇప్పుడు కామన్ రైల్ (ఎక్కువ ప్రెషర్‌తో డీజిల్ అందించే పద్ధతి), ఈసీయూ (ఇంజనును నడిపే చిన్న కంప్యూటర్) ఉంటాయి. లోపం వస్తే స్పానర్‌కు ముందు లాప్‌టాప్ తగిలించాలి. కిర్లోస్కర్, కమ్మిన్స్, మహీంద్రా, ఏది తీసుకున్నా నష్టం లేదు. బ్రాండు కంటే ముందు అడగాల్సింది, లాప్‌టాప్ పట్టుకొచ్చే ఇంజనీరు ఎక్కడ ఉంటాడని. నల్లగొండలోనో, సూర్యాపేటలోనో, మిర్యాలగూడలోనో ఉంటే సరే. హైదరాబాద్ నుంచి రావాలంటే నార్కట్‌పల్లి మీదుగా రెండు గంటలకు పైనే, అదీ అతను ఖాళీగా ఉంటే. ఇంకోటి, 56 కిలోవాట్లు దాటిన ఇంజన్లలో పొగ శుభ్రానికి ఎక్కువగా ఎస్‌సీఆర్ వాడుతున్నారు, దానికి డెఫ్ అనే యూరియా ద్రావణం పోస్తూ ఉండాలి. 62.5 కేవీఏ ఇంజను ఆ గీతకు దగ్గర్లోనే ఉంటుంది కాబట్టి మీరు చూసే మోడల్‌కు డెఫ్ కావాలో లేదో అడగండి. కావాలంటే, అది అయిపోయినప్పుడు కంట్రోలర్ ఏం చేస్తుందో కాగితం మీద రాయించుకోండి. డెఫ్ క్యాన్లను రేకుల షెడ్డులో పడేయకండి. 25 డిగ్రీల్లో ఏడాదిన్నర నిలిచేది 35 డిగ్రీల్లో ఆరు నెలలకే పాడవుతుంది.

ఇక మొదటి పది సెకన్లు. స్టార్ట్ కాని జనరేటర్లలో ఎక్కువ శాతానికి కారణం సెల్ఫ్ బ్యాటరీ. అన్ని లక్షల మిషన్ కొని, బ్యాటరీ దగ్గర కక్కుర్తి పడతారు. కానోపీ వేడికి అది తొందరగా పోతుంది. పాడయ్యే దాకా ఆగకుండా రెండేళ్ళకోసారి మార్చేయండి. దానికి మెయిన్స్ (లైను కరెంటు) మీద నడుస్తూ ఎప్పుడూ నిండుగా ఉంచే ఫ్లోట్ ఛార్జర్ ఉందా, అది పనిచేస్తోందా చూడండి. స్టార్ట్ చేసేటప్పుడు కంట్రోలర్ స్క్రీన్ మీద బ్యాటరీ వోల్టేజి చూసే అలవాటు చేసుకోండి. సెల్ఫ్ తిరిగేటప్పుడు 12 వోల్టుల బ్యాటరీ 9.5 కంటే కిందికి జారుతోందంటే రోజులు దగ్గర పడ్డాయి. రెండో కారణం వింటే నమ్మరు: సర్వీసుకు వచ్చిన అబ్బాయి ప్యానల్‌ను మాన్యువల్‌లో పెట్టి పని చేసి, ఆటోకు మార్చడం మరచి వెళ్ళిపోవడం. "ఆటోలో లేదు" అనే సిగ్నల్ దాదాపు ప్రతి ఏఎంఎఫ్ (కరెంటు పోగానే డీజీని తానే స్టార్ట్ చేసే) కంట్రోలర్ నుంచీ తీసుకోవచ్చు. దాన్ని మీ మానిటరింగ్‌కు కలిపి ఫోనుకు మెసేజ్ వచ్చేలా పెట్టండి. ఖర్చు ఒక వైరు. ఎమర్జెన్సీ స్టాప్ బటన్ నొక్కి ఉన్నా అలాగే తెలియాలి.

ఏఎంఎఫ్‌లో రెండు సెట్టింగులు మన ఊరికి తగ్గట్టు మార్చాలి. యాసంగిలో మోటర్లు ఎక్కి లైను వోల్టేజి కిందికి వచ్చే ఫీడర్ మీద ఉంటే, అండర్ వోల్టేజి హద్దు బిగుతుగా పెట్టారంటే డీజీ రోజూ గంటల కొద్దీ ఊరికే తిరుగుతుంది. యూపీఎస్ ఎంత తక్కువ వోల్టేజి దాకా ఒప్పుకుంటుందో చూసి, దానికి కొంచెం పైన పెట్టండి. ఏసీలకు అంత తక్కువ పనికిరాకపోతే వాటికి స్టెబిలైజర్ వేరే. రెండోది, కరెంటు వచ్చాక ఎంతసేపటికి తిరిగి మెయిన్స్‌కు మారాలి అన్నది. కంపెనీ నుంచి వచ్చేటప్పుడు ఇది అరనిమిషమో నిమిషమో ఉంటుంది. మన లైన్‌మన్లు లైను ఛార్జ్ చేసి చూస్తారు, ట్రిప్ అవుతుంది, ఇంకో ఏబీ స్విచ్ (స్తంభం మీద లైనును విడదీసే స్విచ్) తెరిచి మళ్ళీ ఛార్జ్ చేస్తారు. వచ్చీ పోయే ఆ కరెంటుకు మీ లోడు అటూ ఇటూ గెంతకూడదు. పది నిమిషాలు పెట్టండి.

పదో గంట దగ్గరికి వద్దాం. మిర్యాలగూడలో రైస్ మిల్లుల పక్కన ఒక ఆఫీసుకు మంచి కంపెనీ డీజీ ఉంది, సర్వీసు కార్డు నిండా సంతకాలు ఉన్నాయి. మే నెల మధ్యాహ్నం నాలుగో గంట నడుస్తుండగా హై కూలెంట్ టెంపరేచర్ చూపించి ఆగిపోయింది. ఆపరేటర్ "సార్, నీళ్ళు నిండుగనే ఉన్నయి, ఆయిల్ ఉన్నది, ఫ్యాన్ బెల్టు కూడ మంచిగనే ఉన్నది, గిదెందుకు ఆగుతుందో సమజ్ అయితలేదు" అన్నాడు. అతను చెప్పింది నిజమే. కానోపీ తలుపు తీసి రేడియేటర్ వెనక టార్చి వేసి ముందు నుంచి చూస్తే వెలుతురు రెండు మూడు చోట్ల తప్ప కనపడలేదు. వేలితో రాస్తే కంబళి ముక్కలా ఒక పొర ఊడి వచ్చింది. ఇంజను బ్రీదర్ గొట్టం నుంచి వచ్చే ఆయిల్ ఆవిరి రేకుల మీద జిడ్డుగా పట్టింది, మిల్లుల ఊక దుమ్ము ఆ జిడ్డుకు అతుక్కుంది. పైనుంచి చూస్తే శుభ్రంగానే ఉంటుంది, ఎందుకంటే చెత్త చేరేది ఫ్యాన్ వైపు, లోపలి ముఖం మీద. డిటర్జెంట్ కలిపిన నీళ్ళతో, గాలి బయటికి పోయే వైపు నుంచి లోపలికి, తక్కువ ప్రెషర్‌తో కడిగించాం. కారు కడిగే ప్రెషర్ గన్ పెడితే రేకులు వంగిపోయి ఉన్న దారీ మూసుకుపోతుంది. బ్రీదర్ గొట్టాన్ని కానోపీ కిందికి పొడిగించాక ఆ జిడ్డు సమస్య మళ్ళీ రాలేదు. మీ సైటు మిల్లుల దగ్గర కాకపోయినా టార్చి పరీక్ష నెలకోసారి చేయండి, రెండు నిమిషాల పని.

అక్కడే ఇంకో లోపమూ ఉంది. స్థలం కలిసొస్తుందని కానోపీని కాంపౌండ్ గోడకు ఆనించి పెట్టారు. వేడి గాలి గోడకు తగిలి వెనక్కి తిరిగి, మళ్ళీ చల్లగాలి పీల్చే జాలీలోకే పోతోంది. జాలీ దగ్గర థర్మామీటర్ పెడితే బయటి ఎండ కంటే ఎంతో ఎక్కువ చూపించింది. మీరు స్థలం ఎంచుకునేటప్పుడే వేడిగాలి పోయే వైపు ఖాళీగా వదలండి. పైన నీడ ఉండాలి కానీ నాలుగు వైపులా మూసిన గది కట్టకండి. కట్టక తప్పదంటే వేడి గాలిని డక్టుతో బయటికి తీసుకెళ్ళండి. శబ్దం ఒక మీటరు దూరంలో 75 డెసిబెల్స్ దాటకూడదన్న నిబంధన కానోపీతోనే తీరుతుంది, దాని కోసం గోడలు అక్కర్లేదు.

రేడియేటర్‌లో బోరు నీళ్ళు పోయకండి. నల్లగొండ నీళ్ళ ఫ్లోరైడ్ కథ అందరికీ తెలిసిందే. ఇంజనుకు చేటు చేసేది ఆ నీళ్ళలోని సున్నం, ఉప్పు. టీ కెటిల్‌లో పేరుకునే తెల్లటి పెంకు ఇంజను నీటి దారుల్లోనూ పేరుకుంటుంది, పైకి కనపడదు. మిషన్ భగీరథ నల్లా నీళ్ళు కూడా వద్దు. కంపెనీ చెప్పిన కూలెంట్, కలపాల్సి వస్తే డిస్టిల్డ్ వాటర్. ఒక క్యాన్ ఎప్పుడూ డీజీ పక్కనే ఉంచండి, లేకపోతే అర్ధరాత్రి వాచ్‌మన్ మగ్గు పట్టుకుని బోరు దగ్గరికే పోతాడు. రెండేళ్ళకోసారి కూలెంట్ మొత్తం మార్చాలి.

డీజిల్ విషయం. 38 కిలోవాట్లకు గంటకు 11, 12 లీటర్లు పట్టుకోండి. కానోపీ కింది ట్యాంకు 100 లీటర్ల పైచిలుకు ఉంటే తొమ్మిది గంటలు. ఇరవై నాలుగు గంటలకు 280 లీటర్లు కావాలి, అంతమేరకైనా మీ ఆవరణలో ఉంచుకోండి. పెట్రోలియం చట్టం ప్రకారం డీజిల్ మొత్తం 2,500 లీటర్లు దాటకుండా, ఏ ఒక్క పాత్రా 1,000 లీటర్లు దాటకుండా ఉంటే నిల్వకు లైసెన్సు అక్కర్లేదు, మీరు ఆ హద్దుకు దగ్గరికి కూడా రారు. కానీ నిల్వ ఉన్న డీజిల్ కూడా పాడవుతుంది. ట్యాంకు సగం ఖాళీగా ఉంటే రాత్రి చల్లదనానికి లోపల తేమ పట్టి నీరు అడుక్కి చేరుతుంది. ఆ నీటికీ డీజిల్‌కూ మధ్య ఒక రకం బూజు పెరిగి నల్లటి బంకగా ఫిల్టర్లను మూసేస్తుంది. కామన్ రైల్ ఇంజెక్టర్లకు నీటి చుక్క తగిలితే వాటి ఖరీదు మిమ్మల్ని ఏడిపిస్తుంది. ట్యాంకు ఎప్పుడూ నిండుగా ఉంచండి, వాటర్ సెపరేటర్ కింది బిరడా వారానికోసారి వదిలి గాజు సీసాలోకి పట్టి చూడండి, అడుగున నీరు తేలితే తెలిసిపోతుంది. పాతది ముందు వాడి కొత్తది పోస్తూ, ఏడాదికి మించి ఏ డీజిలూ నిల్వ ఉండకుండా తిప్పండి.

ఎర్తింగు. పాలమూరు వైపు చల్కా నేలలు, అడుగున రాయి. మన వైపూ చాలా చోట్ల అంతే. వానల్లో కొలిస్తే ఎర్త్ రెసిస్టెన్స్ ముచ్చటగా వస్తుంది, మే నెలలో కొలిస్తే మూడింతలు ఉన్నా ఆశ్చర్యం లేదు. కొలత ఎండాకాలంలోనే తీయించండి, బెంటోనైట్ (తేమ పట్టి ఉంచే మట్టి) పోయించండి, ఎర్త్ పిట్లలో (గుంతల్లో) నీళ్ళు పడేలా చూడండి. జనరేటర్ న్యూట్రల్‌కు రెండు పిట్లు, బాడీకి రెండు, వేర్వేరుగా. డీజీ న్యూట్రల్ వదులైతే ఒక ఫేజులో 230 ఉండాల్సింది 300 దాటుతుంది, ఆ ఫేజు మీదున్న పవర్ సప్లైలు వరసగా కాలిపోతాయి. ఛేంజోవర్ (లోడును లైనుకూ డీజీకీ మధ్య మార్చే స్విచ్) నాలుగు పోల్స్‌ది పెట్టించండి, రెండూ ఒకేసారి కలవకుండా ఆపే మెకానికల్ ఇంటర్‌లాక్ ఉండి తీరాలి. కరెంటు లేదనుకుని స్తంభం ఎక్కిన లైన్‌మన్‌కు మీ డీజీ కరెంటు వెనక్కి వెళ్ళి తగిలితే మనిషి ప్రాణం పోతుంది. ఎలక్ట్రీషియన్ "ఒక జంపర్ వేసి ఇచ్చేస్తా" అంటే ఒప్పుకోకండి. సెట్టు పెట్టేముందే ఎలక్ట్రికల్ ఇన్‌స్పెక్టర్ ఆఫీసులో మీ కెపాసిటీకి ఏ అనుమతులు కావాలో అడిగి డ్రాయింగు ఇవ్వండి.

రెండు సెట్లు అన్నాను కదా. ఈ సైజులో రెంటినీ కలిపి నడిపే సింక్రనైజింగ్ ప్యానల్ వద్దు, ఖర్చూ ఎక్కువ, చెడిపోయేవీ ఎక్కువ. ఒకటి మొత్తం లోడు మోస్తుంది, అది రాకపోతే రెండోది వస్తుంది. నెలనెలా మొదటి వంతు మారుస్తూ ఉండండి. ఒకదాన్ని విప్పి సర్వీసు చేస్తున్నప్పుడు కరెంటు పోయినా బెంగ ఉండదు. ఒక్కటే కొనగలిగితే, బయటి గోడకు ఒక టెర్మినల్ బాక్సు పెట్టించండి, అద్దె జనరేటర్ తెచ్చి పావుగంటలో తగిలించేలా. కానీ గాలివానలు వచ్చే ఏప్రిల్, మే నెలలే పెళ్ళి ముహూర్తాల నెలలు. అద్దె డీజీలన్నీ ఫంక్షన్ హాళ్ళ దగ్గర ఉంటాయి. ఎవరితోనైనా ముందే ఏడాది ఒప్పందం చేసుకుంటేనే ఆ బాక్సుకు అర్థం ఉంటుంది. వచ్చిన సెట్టు ఫేజు వరస, వోల్టేజి, న్యూట్రల్ చూడకుండా స్విచ్ వేయకండి.

సర్వీసుకు పుస్తకంలో రాసిందే పాటించండి: ఆయిల్, ఫిల్టర్లు చెప్పిన గంటలకు, లేదా ఏడాదికి, ఏది ముందైతే అది. మీ డీజీ ఏడాదికి వంద గంటలే నడిచినా ఆయిల్ మార్చాల్సిందే. బీ చెక్ (ఆయిల్, ఫిల్టర్లు మార్చే సర్వీసు) చేశామని బిల్లు ఇస్తే పాత ఫిల్టర్లు మీ ముందు పెట్టమనండి. బెల్టు, డీజిల్ ఫిల్టర్లు, ఎయిర్ ఫిల్టర్, ఒక కూలెంట్ హోస్ మీ అలమారాలో ఉండాలి. కానోపీ కింద కేబుల్ కన్నాలు మూయించండి, ఎలుకలు సెన్సర్ వైర్లు కొరుకుతాయి.

అన్నింటికంటే ముఖ్యమైంది నెలవారీ పరీక్ష. చాలా చోట్ల వాచ్‌మన్ శనివారం పొద్దున బటన్ నొక్కి ఐదు నిమిషాలు ఖాళీగా తిప్పి ఆపేస్తాడు. దాంతో బ్యాటరీ బలం తగ్గడం, ఇంజనులో మసి చేరడం తప్ప తెలిసేదేం లేదు. నెలకోసారి, పనివేళ కాని సమయంలో, మెయిన్స్ బ్రేకర్ మీరే దించండి. యూపీఎస్ బ్యాటరీకి మారాలి, డీజీ తనంతట తాను రావాలి, ఏసీలు వరసగా ఎక్కాలి, యూపీఎస్ డీజీ కరెంటు తీసుకోవాలి. తక్కువలో తక్కువ అరగంట, ఇంజను వేడెక్కేదాకా నడపండి. ఎన్ని సెకన్లకు లోడు తీసుకుంది, వోల్టేజి, ఫ్రీక్వెన్సీ, ఆయిల్ ప్రెషర్, కూలెంట్ వేడి, సెల్ఫ్ తిరిగినప్పుడు బ్యాటరీ వోల్టేజి పుస్తకంలో రాయండి. ఆరు నెలల అంకెలు ఒకదాని కింద ఒకటి చూస్తే ఏది మెల్లగా జారుతోందో కనపడుతుంది. "సర్వర్లు పడిపోతే ఎలా" అని యజమానులు ఈ పరీక్షకు భయపడతారు. ఇలాంటి పరీక్షలో పడిపోతే మనుషులంతా ఎదురుగా ఉంటారు, కరెంటు ఒక్క బ్రేకర్ దూరంలో ఉంటుంది. మొదటి ఏడాది మీ లోడు తక్కువ కాబట్టి ఏడాదికోసారి లోడ్ బ్యాంకు (పరీక్ష కోసం లోడు వేసే హీటర్ల పెట్టె) అద్దెకు తెచ్చి రెండు గంటలు నిండు లోడు మీద నడపండి, పేరుకున్న మసి కాలిపోతుంది.

సెట్టు వచ్చిన రోజు కూడా అంతే. డీలరు "ఫ్యాక్టరీలో టెస్ట్ అయింది" అని రిపోర్టు చేతిలో పెడతాడు. ఆఖరి వాయిదా ఆపి ఉంచి, మీ సైటులో, మీ పునాది మీద, మధ్యాహ్నం పన్నెండు నుంచి నాలుగు దాకా నిండు లోడు మీద నడిపించండి. కూలెంట్ వేడి మొదటి గంటలో పెరిగి ఒకచోట ఆగాలి. నాలుగో గంటలో కూడా ఇంకా పెరుగుతూనే ఉంటే గాలి దారిలో ఎక్కడో తప్పుంది, అది సరిచేయించాకే చెక్కు ఇవ్వండి. కొనుగోలు ఆర్డరులోనే ఈ షరతు రాయించండి, తర్వాత అడిగితే ఎవరూ ఒప్పుకోరు.